కుంట మా లాండ్రీకొచ్చిన రోజు

ముప్పై రెండేళ్లుగా లాండ్రీ నడుపుతున్నదాన్ని. మురికి కనపడితే నా చేతులు ఊరుకోవు, నోరు అసలే ఊరుకోదు. అలాంటి నేను ఆదివారం పొద్దున్నే మోకాళ్ల దాకా బురదలో దిగి నాచు లాగుతానని ఎవరైనా అని ఉంటే, వాళ్ల చొక్కాకి నాలుగు రెట్లు గంజి పెట్టి కసి తీర్చుకునేదాన్ని.

బురదతో చుట్టరికం మా ఆయనది. ఊరి చివర ఇటుకల కోసం మట్టి తవ్వి వదిలేసిన పెద్ద గొయ్యి ఒకటుంది. వాన నీళ్లు నిండి అది కుంట అయింది. పదకొండేళ్ల క్రితం దాన్ని చెత్తతో పూడ్చేయబోతే కొందరు అడ్డుపడి, చుట్టూ కంచె వేసి, కప్పలకీ పక్షులకీ తూనీగలకీ వదిలేశారు. ఆ కొందరిలో మా ఆయన ఒకడు. అప్పట్లో బస్సు కండక్టరు. వారమంతా మనుషుల తలలు లెక్కపెట్టి, సెలవు రోజున తూనీగల్ని లెక్కపెట్టేవాడు. సాయంత్రం పాంటు నిండా బురదతో గుమ్మంలో నిలబడి, "ఇవాళ ముప్పై ఏడు" అనేవాడు, అవి నా చుట్టాలైనట్టు. నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. "ముప్పై ఏడు కాదు, మూడొందల డెబ్బై ఉంటే నాకేంటండీ? ఆ పాంటు ఉతికేది అవి కాదుగా!" ఆయన నవ్వుతూ పాంటు తెచ్చి బకెట్లో పడేసేవాడు.

ఐదు నెలల క్రితం ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మూతి ఒక పక్కకి వంకర పోయింది. మాట త్వరగానే తిరిగొచ్చింది గానీ, ముద్దగా, తెగి తెగి వస్తుంది. కాలికి బలం రావాలంటే రోజూ లేచి ప్రయత్నించాలని డాక్టరు చెప్పాడు. ఆయన ప్రయత్నించలేదు. లాండ్రీ వెనక గదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. కుంట వాళ్లు చూడటానికి మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ నాతో "నిద్రపోతున్నాడని చెప్పు" అన్నాడు. నేను చెప్పాను. అబద్ధమని వాళ్లకి తెలుసు. వాళ్లకి తెలుసని నాకు తెలుసు.

మూడోసారి వచ్చినప్పుడు వాళ్లలో పైపుల పని చేసేవాడు గుమ్మంలోనే ఆగి, "వదినా, కుంటకి దిగటానికి ఇరవై మెట్లే కదా. అన్నయ్యని కుర్చీలో కూర్చోబెడితే మేం దింపుతాం. ఒక్క ఆదివారం పంపండి" అన్నాడు. ఆ మాట గదిలోకి వినపడింది. వాళ్లు వెళ్లాక మా ఆయన, "సామాను మోసినట్టు మోస్తారా నన్ను?" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు నోరు మెదపలేదు.

నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. జబ్బు మనిషికి సేవ చేయగలను. గోడ వైపు తిరిగిన మనిషిని ఇటు తిప్పడం నాకు చేత కాలేదు.

ఆయన దృష్టి ఒక్కదాని మీదే మిగిలి ఉంది. రెండేళ్ల క్రితం ఆ కుంటకి ఎన్నడూ రాని తూనీగ ఒకటి వచ్చిందట. జానెడు లేకపోయినా జానెడున్నట్టు కనపడేంత పెద్దది, తోక నీలం. నాచు మీద వాలి గుడ్లు పెడుతుంటే మా ఆయన కళ్లారా చూశాడు. ఆ జాతి పిల్లలు రెండేళ్లు నీళ్లలోనే పెరిగి, మూడో ఏడు ఈ రోజుల్లో పైకొచ్చి రెక్కలు విప్పుతాయి. అంటే ఇప్పుడే. రోజూ పొద్దున్న కళ్లు తెరవగానే, "నీలితోకలు వచ్చాయా?" అని అడిగేవాడు. మందు వేసుకున్నాడా లేదా ఆయనకి గుర్తుండదు, ఇది మాత్రం మర్చిపోడు.

"దుకాణంలో కూర్చుంటే నాకెలా తెలుస్తుందండీ?"

"వెళ్లు. నా బదులు."

ఐదు నెలల్లో ఆయన నోరు తెరిచి నన్ను అడిగింది అదొక్కటే. వెళ్లాను.

కుంట దగ్గర ముగ్గురున్నారు. వాళ్లకి పెద్ద ఒక పంతులమ్మ, రిటైరై పదేళ్లయినా గొంతులో ఇంకా నలభై మంది పిల్లలున్నారు. పైపులాయన మనకి తెలిసినవాడే. మూడోవాడు లైబ్రరీలో పనిచేస్తాడు, తాటిచెట్టంత మనిషి, అందరూ పొడుగాయన అంటారు. ఆ రోజు పని, నీళ్లని కప్పేస్తున్న నాచు కొంత తీసెయ్యడం. పళ్లగొర్రుతో లాగి గట్టు మీద వెయ్యాలి. నాకు లోపల సణుగుడు ఉన్నా చేతులు మాత్రం ఆగలేదు. దుప్పట్లు పిండిన చేతులకి నాచు ఒక లెక్కా? పంతులమ్మ చూసి, "అన్నయ్య పోలిక కాదు మీరు, అన్నయ్య పదిసార్లు ఆగి ప్రతిదాన్నీ పలకరించేవాడు" అంది. పొగడ్తే అనుకున్నాను.

పన్నెండు దాటాక వాళ్లు ముగ్గురూ అవతలి గట్టున కంచె బిగించడానికి వెళ్లారు. నన్ను కాసేపు కూర్చోమన్నారు. కూర్చుంటే ఎదురుగా ఏముంది? గట్టు పొడవునా తడి నాచు గుట్టలు, నీళ్లు కారుతూ, కంపు కొడుతూ. ఇంత పని చేసి ఈ చెత్త ఇలాగేనా వదిలేసేది? ఇంటికొచ్చిన చుట్టాలు తిన్న కంచాలు అలాగే వదిలి వెళ్లినట్టు ఉంది. పొద్దున్న నన్ను దింపిన మా లాండ్రీ వ్యాన్ తిరిగొచ్చి మెట్లకి పైన, రోడ్డు మీద నిలబడి ఉంది. అందులో బట్టలు కట్టే పెద్ద సంచులు ఉన్నాయి. డ్రైవరు చేత ఆరు సంచులు దింపించి, నాచంతా చేతులతో ఎత్తి, కాలితో తొక్కి కూరి, మూతులు బిగించి కట్టాను. గట్టుని చీపురుతో ఊడ్చాను కూడా. అవతలి గట్టుకి చెయ్యి ఊపి, మూటలతో సహా వ్యానెక్కి ఇంటికొచ్చేశాను. వీధి చెత్త బండి మంగళవారం వస్తుంది, దానికి వేసేయొచ్చు.

వ్యాన్ మూటలు పెరట్లో దింపి, హోటళ్ల దుప్పట్లు తేవడానికి వెళ్లిపోయింది. నేను చేతులు కడుక్కుని మా ఆయన మంచం దగ్గరికి వెళ్లాను. మెచ్చుకుంటాడనే ఆశ, దాచడం ఎందుకు.

"అద్దంలా చేసి వచ్చానండీ మీ కుంటని. నాచంతా లాగేశాం. వాళ్లు గుట్టలు అలాగే వదిలేస్తుంటే నేనే ఆరు మూటలు కట్టి తెచ్చేశాను."

ఆయన నా వైపు తిరిగాడు.

"నాచు... తెచ్చావా?"

"ఒక్క పరక మిగలకుండా."

"మూటలు ఎక్కడ?"

"పెరట్లో ఎండలో. ఏం?"

ఆయన ఎడమ చెయ్యి మంచం పట్టీని పట్టుకుంది. ముద్ద మాటలతో, మధ్య మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. లాగిన నాచుని ఒక పగలు, ఒక రాత్రి గట్టు అంచునే ఉంచాలి. నీళ్లకి జానెడు దూరంలో. నాచులో చిక్కుకున్న పురుగూ నత్తా తూనీగ పిల్లా మెల్లగా నడుచుకుంటూ తిరిగి నీళ్లలోకి పోతాయి. మర్నాడు ఉత్త నాచుని తీసేస్తారు. పదకొండేళ్లుగా ఇదే పద్ధతి.

"నీలితోక... ఆ నాచులోనే పెట్టింది గుడ్లు" అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. రెండేళ్లుగా ఆయన ఎదురు చూస్తున్నవాటిని నేను కాలితో తొక్కి, మూతి కట్టి, ఎండలో పెట్టాను. ఆ మనిషికి మిగిలింది అదొక్కటే. అది కూడా నా చేతుల మీదుగానే పోయింది. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

ఆయన తిట్టలేదు. "నన్ను లేపు" అన్నాడు.

ఐదు నెలల్లో ఆ మాట వినలేదు నేను. లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాను. పెరట్లోకి తొయ్యమన్నాడు. మూటలు విప్పమన్నాడు. మూట లోపల పొయ్యి మీది గిన్నెలా వేడిగా ఉంది. నేను కుళాయి దగ్గరికి పరిగెత్తి బకెట్ పెట్టబోతే, వీధిలోకి వినపడేలా అరిచాడు.

"కుళాయి నీళ్లొద్దు! మందు కలుపుతారు, చస్తాయి!"

అప్పుడు గుర్తొచ్చింది. వాన నీళ్లతో సబ్బు బాగా నురగొస్తుందని, లాండ్రీ కప్పు మీది నీళ్లు నేను మూడు పెద్ద డ్రమ్ముల్లో పడతాను. పట్టు చీరలకని దాచుకునే నీళ్లు, పనివాళ్లని కూడా ముట్టనివ్వను. "డ్రమ్ముల్లో వాన నీళ్లున్నాయండీ" అన్నాను. ఆయన నా వంక చూసిన చూపు పెళ్లి రోజున కూడా చూడలేదు.

"టబ్బులు. తెల్లవి. తెల్ల దాంట్లో అయితే కనపడతాయి" అన్నాడు. తర్వాత, "వాళ్లని పిలు" అన్నాడు.

"ఎవర్ని?"

"మా వాళ్లని. ఇద్దరి వల్ల కాదు."

పంతులమ్మకి ఫోన్ చేశాను. నోటికి హద్దూ పద్దూ లేని నేను, చేసిన తప్పుని రెండు ముక్కల్లో చెప్పేశాను. "చీ, పనికిమాలినదానా, ఇంక రాకు" అంటుందని సిద్ధంగా ఉన్నాను. ఆమె మాత్రం, "తప్పు నాదమ్మా. పదకొండేళ్లుగా అందరికీ తెలిసినదే కదా అని కొత్త మనిషికి చెప్పడం మర్చిపోయాను. గట్టు ఊడ్చి ఉండటం చూసి బెంగపడుతున్నాం. వస్తున్నాం, మూటలు నీడలోకి లాగు" అంది. ఆ ఒక్క మాటకి ఆమెకి జీవితాంతం చీరలు ఉచితంగా ఉతికినా నా రుణం తీరదు.

పావుగంటలో ముగ్గురూ వచ్చారు. ఇన్నాళ్లూ మొహం చూపించని మనిషి గుమ్మానికి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు, వంకర మూతితో, ఒళ్లో తువ్వాలుతో. ఎవరైనా అయ్యో అంటే ఆయన మళ్లీ గోడవైపు తిరిగిపోతాడు. ఎవరూ అనలేదు. పైపులాయన, "ఎక్కడ మొదలుపెట్టమంటావన్నా?" అన్నాడు, నిన్ననే కలిసినట్టు. మా ఆయన ఎడమ చేత్తో చూపించాడు. పని మొదలైంది.

అంతకన్నా మురికిగా నా లాండ్రీ ఏనాడూ లేదు. ఇస్త్రీ బల్లల మీద నాచు పరిచాం. నేల మీద పది తెల్ల టబ్బులు పెట్టి వాన నీళ్లు పోశాం. పరకా పరకా విడదీసి, నీళ్లలో మెల్లగా జాడించి, కదిలిన ప్రతిదాన్నీ చెంచాతోనో టీ వడకట్టే జల్లెడతోనో తీసి టబ్బులో వెయ్యాలి. జాడించడం నాకు నేర్పక్కర్లేదు. పొడుగాయన నడుం వంచలేక నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తూనీగ పిల్లలు అందంగా ఉంటాయనుకున్నాను. మట్టిరంగులో, ఆరు కాళ్లతో, పెద్ద కళ్లతో, నాకన్నా కోపిష్టి మొహాలు. వాటిని మాత్రం మా ఆయన దగ్గరికే తీసుకెళ్లేవాళ్లం. ఆయన టబ్బు ఒళ్లో పెట్టుకుని ఒక్కోదాన్ని చూసి, ఏ జాతో చెప్పి లెక్కపెట్టేవాడు. ఒకటినొకటి తినేస్తాయని, టబ్బుకి కొన్నే వెయ్యమనేవాడు.

"ఇది నిండింది. వెనక బండి ఎక్కండి" అన్నాడు ఒకసారి, పొడుగాయన చెంచాతో మరొకటి తెస్తే.

అందరం పగలబడి నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. వంకర నవ్వే. నేను పక్కకి తిరిగి, అక్కర్లేకపోయినా ఒక టబ్బు నీళ్లు మార్చాను.

అన్నీ బతకలేదు. అబద్ధం చెప్పను. మూటల అడుగున నా కాలి కింద నలిగినవి ఉన్నాయి. వాటిని మేం ఒక తెల్ల జేబురుమాలు మీద పెట్టాం. ఆయన వాటినీ లెక్కపెట్టాడు. నీలితోక పిల్లలు నలభై ఒకటి బతికాయి, తొమ్మిది పోయాయి. ఆ తొమ్మిదినీ చూసి నేను ఏడ్చేశాను. ముప్పై రెండేళ్లుగా పనివాళ్ల ముందు ఏడవని మనిషిని. "నా వల్లేనండీ, క్షమించండి" అన్నాను అందరి ముందూ.

మా ఆయన జేబురుమాలు మడిచి పక్కన పెట్టి, "కండక్టర్ని. దిగినవాళ్లని కాదు, ఎక్కినవాళ్లని చూసుకోవాలి" అన్నాడు. "ఆ బల్ల మీద ఇంకా సగం నాచుంది. రా."

సాయంత్రం ఐదింటికి వ్యాన్ తిరిగొచ్చింది. టబ్బుల మీద తడి దుప్పట్లు కప్పి ఎక్కించాం. మా ఆయన్ని కూడా రమ్మని ఎవరూ అడగలేదు, నేనే వాళ్లకి కళ్లతో వద్దన్నాను. ఒక్కరోజుకి ఎంతని లాగుతాం. వాళ్లు ముగ్గురూ వెళ్లి అన్నిటినీ నీళ్లలో వదిలాక, పంతులమ్మ ఫోన్ చేసి, "అన్నీ ఈదుకుంటూ లోపలికి పోయాయన్నయ్యా" అని చెప్పింది. ఆయన తల ఊపి, అన్నం తిని, పడుకున్నాడు. పడుకునేటప్పుడు ఏ వైపు తిరుగుతాడా అని చూశాను. వెల్లకిలా పడుకున్నాడు.

తెల్లవారుజామున నన్ను పిలిచాడు. మెల్లగా, ఎవరో నిద్రపోతున్నట్టు.

"చప్పుడు చెయ్యకు. ఆ కోటు చూడు."

గది తలుపు తీసే ఉంది, మంచం మీంచి దుకాణం కనపడుతుంది. అక్కడ తీగ మీద, మా వీధి పళ్ల డాక్టరు తెల్ల కోట్లు ఇస్త్రీ కోసం ఆరేసి ఉన్నాయి. వాటి కింద నిన్న టబ్బులుండేవి. ఒక కోటు జేబు మీద మట్టిరంగు మచ్చ. నా చెయ్యి ముందు చీపురు మీదికి పోయింది, అలవాటు. తర్వాత అది కదలడం చూశాను.

మా కళ్లుగప్పి పాకిపోయిన నీలితోక పిల్ల అది. నేను ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి దగ్గరికి తీసుకెళ్లాను. దాని వీపు చిట్లింది. ముందు తల, తర్వాత కాళ్లు బయటికొచ్చాయి. పాత చర్మంలోంచి తలకిందులుగా వేలాడి, చాలాసేపు చచ్చినట్టు ఉండిపోయింది. ఆయన నా చెయ్యి పట్టుకుని, "కంగారు పడకు. అలసట తీర్చుకుంటోంది" అన్నాడు. ఉన్నట్టుండి అది పైకి లేచి పూర్తిగా బయటికి వచ్చేసింది. రెక్కలు అప్పుడే పిండిన గుడ్డల్లా ఉండచుట్టుకుని ఉన్నాయి. చూస్తుండగానే మెల్లగా విచ్చుకుని, సాగి, ఒక్క ముడత లేకుండా తయారయ్యాయి. ఇస్త్రీ పెట్టె లేకుండా అలాంటి పని నేను ఈ వృత్తిలో చూడలేదు. ఇన్నేళ్లూ ఈయన ఆదివారాలు ఎక్కడికి పోతున్నాయో నాకు ఆ పొద్దున్న అర్థమైంది. పాంటు గురించి అరిచిన ప్రతి అరుపూ గుర్తొచ్చి సిగ్గేసింది.

ఎనిమిదింటికి పళ్ల డాక్టరు వచ్చాడు, కోటు కోసం.

"తొమ్మిదింటికి పేషెంట్లున్నారండీ. ఏది నా కోటు?"

"గట్టిగా మాట్లాడకండి. దాని మీద పురుడు జరుగుతోంది."

డాక్టరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. లోపలికొచ్చి కోటుని చూశాడు. ఆ తర్వాత చేతులు కట్టుకుని మా ఆయన పక్కన నిలబడిపోయాడు. తొమ్మిది దాటాక ఎండ గుమ్మంలోంచి తీగ దాకా వచ్చింది. తూనీగ రెక్కలు వణికించింది. తోకలో అప్పుడప్పుడే నీలం మొలుస్తోంది. మా తలల మీదుగా ఒక చుట్టు తిరిగి, వీధిలోకి పోయి, కుంట వైపు మళ్లింది.

"నలభై రెండు" అన్నాడు మా ఆయన.

ఆయన చెంపల మీద నీళ్లు. తుడుచుకోలేదు. "మెట్లు దిగలేనివాణ్ణి, నేనెలా చూసేవాణ్ణి? నీ మూటల పుణ్యమే" అన్నాడు నాతో. నాకు ఎప్పుడూ మాటలకి కొదవ ఉండదు. ఆ పూట మాత్రం, "మీకూ, మీ వాళ్లకీ రుణపడి ఉంటానండీ" అని ఒక్కటే అనగలిగాను.

డాక్టరు కోటు తీసుకుని వెళ్లాక, మా ఆయన ఫోన్ వైపు చూపించాడు.

"పైపులాయనకి చెయ్యి. ఆదివారం కుర్చీ మొయ్యడానికి రమ్మను."

నేను విన్నది నిజమేనా అని ఆయన మొహంలోకి చూశాను. నిజమే.

"ఎంతమందిని రమ్మనమంటారు?"

"ఇద్దరు చాలు. నలుగురొద్దని గట్టిగా చెప్పు. నలుగురు మోసే రోజుకి ఇంకా చాలా టైముంది."

"పొద్దున్నే ఏం మాటలండీ అవి!" అని కసిరాను. కసురుతూ నవ్వుతూ, రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను.